విద్యుత్ శకటముల మజిలీలు

ఎడ్లబండి మజిలీ చేరగానే బండివాడు కాడి విప్పును. ఎడ్లకు కుడితి పెట్టి, మేత వేసి, బండిని దారికి అడ్డము లేకుండ ఒక ప్రక్కకు త్రోయును. ఆ పని ఎవరిదని ఎవరును అడుగరు. కాని బండివాడే లేని బండి సంగతి ఏమి? తనంతట తాను నడచు విద్యుత్ కారును గూర్చి నేడు నగరములు వేసికొనుచున్న ప్రశ్న ఇదియే. దాని మేత విద్యుచ్ఛక్తి. అది ఎక్కడ మేయవలెను? పని లేనప్పుడు ఎక్కడ నిలువవలెను? ఈ ప్రశ్నలు కొత్తవిగా తోచును గాని, వీటి చరిత్ర నూట ఇరువది ఏండ్లకు పైబడినది.

1897 ఆగస్టులో లండను వీధులలో వాల్టర్ బెర్సీ అను యువ ఇంజనీరు రూపొందించిన విద్యుత్ బాడుగబండ్లు తిరుగనారంభించినవి. వాటి ఝుంకారమును విని జనులు 'హమ్మింగ్ బర్డ్' అను పిట్ట పేరు పెట్టినారు. బండి బరువు సుమారు రెండు టన్నులు. వేగము గంటకు సుమారు 9 మైళ్ళు. బ్యాటరీలోని శక్తి తరిగినప్పుడు బండి లాంబెత్ పేటలోని కంపెనీ శాలకు రావలసినదే. అక్కడ నీటి ఒత్తిడితో పనిచేయు యంత్రము సాయమున పాత బ్యాటరీని దించి, నిండుదానిని ఎక్కించెడివారు. యుక్తి మంచిదే. కాని బరువునకు టైర్లు అరిగినవి. కుదుపులకు బ్యాటరీలు చెడినవి. 1899లో ఆ బండ్లు ఆగిపోయినవి.

అదే 1897లో అమెరికాలోని న్యూయార్కు నగరమున మోరిస్, సాలోమ్ అనువారు ఇట్టి బండ్లనే ప్రవేశపెట్టినారు. తరువాత వాటిని చేపట్టిన ఎలక్ట్రిక్ వెహికిల్ కంపెనీ బ్రాడ్వే వీధిలో ఒక పెద్ద శాలను నడిపినది. బండి వెనుకకు నడచి వేదికను ఆనుకొని నిలుచును. వెయ్యి పౌనులకు మించిన బ్యాటరీ పెట్టెను యంత్రము బయటికి లాగును. క్రేను దానిని చార్జి చేయు గదికి చేర్చును. కొద్ది నిమిషములలో బండి మరల బాడుగకు సిద్ధము. ఈ విజయమును చూచి కంపెనీ బోస్టను, చికాగో మొదలగు నగరములకు వ్యాపించినది. అయితే బండ్లు పెరిగినంత సులభముగా బ్యాటరీలను సాకగల నేర్పరులు పెరుగలేదు. 1907లో కంపెనీ దివాలా తీసినది.

హార్ట్‌ఫర్డ్ నగరపు విద్యుత్ కంపెనీ మరియొక మార్గము త్రొక్కినది. కొనువాడు లారీని బ్యాటరీ లేకుండ కొనును. బ్యాటరీని కంపెనీయే అమర్చి, నడచిన మైళ్ళను బట్టి సొమ్ము తీసికొనును. బ్యాటరీ పోషణ దానిని ఎరిగినవారి చేతిలోనే ఉండెను. ఈ పద్ధతి 1924 వరకు సాగినది.

నేడు బండివాడు కూడ తొలగిపోవుచున్నాడు. 2020లో ఫీనిక్స్ నగరమున వేమో కంపెనీ డ్రైవరు లేని కార్లను సామాన్య ప్రజలకు అందించినది. 2024లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆ కంపెనీ కార్లు రాత్రివేళ ఒక ఖాళీ స్థలమున చేరి, ఒకదానికొకటి దగ్గరైనప్పుడెల్ల హారను మ్రోగించి ఇరుగుపొరుగువారి నిద్ర చెడగొట్టినవి. కార్లలోని ఆదేశములను కంపెనీ సవరింపవలసి వచ్చినది. అవి మోగినది పరుగులో కాదు, విశ్రాంతిలో!

మరియొక చిక్కు కలదు. 2019లో క్యాలిఫోర్నియా ఆచార్యుడు ఆడమ్ మిలార్డ్-బాల్ ఒక లెక్క చూపినాడు. నగర మధ్యమున స్థలమునకు అద్దె చెల్లించుట కంటె, ఖాళీ కారు వీధులలో మెల్లగా తిరుగుచుండుటయే చౌక. గంటకు సుమారు అర డాలరే. ఎంత మెల్లగా తిరిగిన అంత ఆదా. కనుక రద్దీ ఆ కారునకు నష్టము కాదు, లాభమే. నష్టము నడచిపోవువారిది, బస్సులో కూర్చున్నవారిది.

పాత కథ మనకు నేర్పునది ఇదియే. లండనులోను న్యూయార్కులోను బండి పరుగెత్తగలిగినది. దానిని నిలిపి, మేపి, సాకు ఏర్పాటే చాలలేదు. కావున ఇట్టి కార్లు వచ్చిన పిమ్మట గాక, రాకముందే వాటి మజిలీలు ఎక్కడ ఉండవలెనో, అన్నియు ఒకేసారి విద్యుత్తును కోరకుండ వంతులు ఎట్లు వేయవలెనో, ఖాళీగా తిరుగుటకు ఎంత రుసుము విధింపవలెనో నగరములు నిర్ణయించుకొనవలెను. బండి ఎవరిదైనను, వీధి అందరిది.