బిజాపురపు వకీలు

వైశాఖ శుద్ధ తదియ నాడు కన్నడదేశమున ఊరూర బసవ జయంతి జరుగును. ఊరేగింపుల వెంట, లింగాయతమును ప్రత్యేక మతముగా గుర్తింపుమను కోరికయు ఏటేటా వేదికలెక్కుచుండును.

12వ శతాబ్దిలో బిజ్జల రాజు కొలువున భండారియైన బసవేశ్వరుడు కులభేదమును త్రోసిపుచ్చి, గుడికి మారుగా మెడలోని ఇష్టలింగమునే నమ్మిన శరణులను కళ్యాణ నగరమున కూడగట్టుట, ఆ కళ్యాణమే కల్లోలమై వారు చెల్లాచెదరగుట, మన పాల్కురికి సోమనాథుడు ఆ కథను ద్విపదలో బసవపురాణముగా రచింపగా 1369లో భీమకవి దానిని కన్నడమునకు కొనిపోవుట పాఠకులెరిగినవే. నడిమి శతాబ్దులను మఠాధిపతులకు వదలి బిజాపురము చేరుదము.

అచట ఫకీరప్ప గురుబసప్ప హళకట్టియను వకీలుండెను. కచేరిపని కన్న ఆయన మనస్సు తాటాకుల మీదనే. శరణుల కన్నడ గద్యసూక్తులైన వచనములు గల కట్టలు ఇండ్లలోను మఠములలోను చదువువారు లేక, పసుపు కుంకుమలతో పూజలు మాత్రమందుచుండగా, ఆయన గడపగడపకు పోయి, బతిమాలి, వానిని సేకరించి, ప్రతికి ప్రతి సరిచూచి, 1923లో ‘వచన శాస్త్ర సారము’ తొలిభాగమును వెలువరించెను. అంతటితో ఊరకుండినచో నాలుగు రాళ్లు వెనకేసికొని సుఖముగా బ్రదికెడివాడే. కాని సొంత అచ్చుకూటము కావలెనని ఇల్లమ్మి ‘హితచింతక’ ముద్రణాలయమును నెలకొల్పి, 1926 నుండి ‘శివానుభవ’ పత్రికను నడిపెను. కూతురి పెండ్లికి ఇల్లమ్మినవారిని ఎందరినో ఎరుగుదుము గాని, సీసపు అక్షరములకై అమ్మినవాడు నాకీయనయొకడే కనబడెను.

ప్రత్యేక మతము కోరు లింగాయతుల నేటి అర్జీలకు ఆధారము ఆ వచనములే. చిత్రమేమన, 19వ శతాబ్ది చివరి జనగణనల నాడు వీరిలో కొందరు తమను వీరశైవ బ్రాహ్మణులుగా వ్రాసికొనుమని సర్కారునకు మొరపెట్టుకొనిరి. 1904లో హానగల్ కుమారస్వామి చొరవతో వెలసిన అఖిల భారత వీరశైవ మహాసభ 2013లో ప్రత్యేక మతపు గుర్తింపునకై కేంద్రమును అభ్యర్థించెను.

అటుపిమ్మట కథ చిక్కుపడినది. వీరశైవులును లింగాయతులును ఒకటేయని మహాసభ, కాదని జాగతిక లింగాయత మహాసభ. 2018 మార్చి 19న కర్ణాటక మంత్రివర్గము, జస్టిస్ నాగమోహనదాసు సంఘపు నివేదికను అంగీకరించి, బసవతత్త్వమును నమ్మువారికి మతపరమైన అల్పసంఖ్యాక హోదా సిఫారసు చేసెను. ఎన్నికలు ముంగిటనుండుటచే ఓట్లకై హిందువులను చీల్చుచున్నారని ప్రతిపక్షము ఆక్షేపించెను, కేంద్రము ఒప్పుకొనలేదు. హిందూ, సిక్కు, బౌద్ధేతరులకు షెడ్యూల్డు కులపు హోదా చెల్లదు గనుక, గుర్తింపు వచ్చిన నాడు లింగాయతులలోని ఆ కులములవారు దానిని కోల్పోవుదురన్నది ఢిల్లీ చెప్పిన కారణములలో నొకటి. చెప్పులు కుట్టిన హరళయ్యను శరణుడని కొలుచు సమాజమునకు ఇది చిన్న చిక్కు కాదు. 2025లో కర్ణాటక సర్కారు సామాజిక గణనకు పూనుకొనగా, మతమను గడిలో ‘వీరశైవ లింగాయత’ యని వ్రాయించుడని వీరశైవ మహాసభ, ‘లింగాయత’ చాలునని కొందరు, ‘హిందూ’ యనుటయే మేలని మరికొందరు బోధించిరి.