తొమ్మిదో చిప్

1947లో బెల్ ల్యాబ్స్‌లో రిలేలతో నడిచే పెద్ద లెక్కల యంత్రం గణితవేత్త రిచర్డ్ హామింగ్‌కు శని, ఆదివారాల్లోనే దొరికేది. ఆ రెండు రోజులూ దాని దగ్గర మనుషులుండరు. తప్పు దొర్లితే యంత్రం కనిపెట్టేది, కానీ కనిపెట్టగానే ఆ లెక్కను వదిలేసి తర్వాతిది మొదలుపెట్టేది. వరసగా రెండు వారాలు హామింగ్ లెక్కలు అలా గాలికి పోయాయి. ఆయనకు ఒళ్లు మండింది. తప్పు జరిగిందని తెలిసిన యంత్రానికి, ఎక్కడ జరిగిందో తెలుసుకుని దిద్దుకోవడం ఎందుకు చేతకాదు?

జవాబు 1950లో అచ్చయింది. నాలుగు బిట్లకు మూడు తనిఖీ బిట్లు చేర్చాలి. ఏడు స్థానాల్లో ఒక్కో తనిఖీ కొన్నింటిని చూస్తుంది. మొదటి, మూడో తనిఖీలు తప్పి రెండోది సరిపోయిందనుకోండి. తప్పినదానికి 1, సరిపోయినదానికి 0 రాస్తే 101 వస్తుంది. బైనరీలో అది 5. చెడింది ఐదో బిట్టే, తిరగేస్తే సరి. తనిఖీల ఫలితమే తప్పు చిరునామా కావడం ఎన్నిసార్లు తలచుకున్నా ముచ్చటగానే ఉంటుంది.

అదే సూత్రం ఇంకాస్త బలపడి సర్వర్ల ర్యామ్‌లోకి వచ్చింది. 64 బిట్లకు 8 తనిఖీ బిట్లు. ర్యామ్ స్టిక్ మీద మామూలుగా ఎనిమిది చిప్‌లుండే చోట తొమ్మిది కనిపిస్తాయి. ఒక బిట్ చెడితే ఈ ఏర్పాటు దిద్దుతుంది, రెండు చెడితే దిద్దలేదు, చెడ్డాయని మాత్రం చెబుతుంది.

అసలు బిట్లు ఎందుకు చెడతాయి? చిప్ ప్యాకేజీలో లేశమాత్రంగా ఉన్న యురేనియం, థోరియం వెదజల్లే ఆల్ఫా కణాలు కూడా ఒక కారణమని 1978లో ఇంటెల్ శాస్త్రవేత్తలు తిమోతీ మే, ముర్రే వుడ్స్ చూపించారు. అనుకోకుండా ఒక కణం వచ్చి తాకితే ర్యామ్‌ను తప్పుపట్టేదేముంది!

చాలా కంప్యూటర్లను కలిపి ఒక్కటిగా నడిపే క్లస్టర్లు వచ్చాక అంత తేలిగ్గా తీసుకోవడం కుదరలేదు. ఒక కంప్యూటర్‌లో ఎప్పుడో జరిగేది వేల ర్యామ్ స్టిక్‌ల మధ్య రోజువారీ వ్యవహారం అవుతుంది. 2003లో వర్జీనియా టెక్ 1,100 పవర్ మ్యాక్ జీ5లను కలిపి ప్రపంచంలో మూడో అత్యంత వేగమైన కంప్యూటర్‌ను నిలబెట్టింది. వాటి ర్యామ్‌లో తప్పులు దిద్దే ఏర్పాటు లేదు. మరుసటి ఏడాదే ఆ ఏర్పాటున్న ఎక్స్‌సర్వ్‌లతో మొత్తం మార్చేశారు. వేగం ఎంతున్నా, వచ్చిన జవాబును నమ్మలేకపోతే ఆ యంత్రం దేనికి?

2009లో టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన బియాంకా ష్రోడర్, గూగుల్ పరిశోధకులు ఇద్దరు కలిసి ఆ సంస్థ సర్వర్ల రెండున్నరేళ్ల రికార్డులు తిరగేశారు. ఏడాదిలో దాదాపు 8 శాతం స్టిక్‌లలో కనీసం ఒక్క తప్పయినా పడింది. అంతకంటే ముఖ్యం, ఒకసారి తప్పు చేసిన స్టిక్కే మళ్లీ మళ్లీ చేసింది. కణాలు ఎక్కడపడితే అక్కడ తాకాలి గానీ ఒకదాన్నే పట్టుకు వేలాడవు కదా. ఎక్కువ తప్పులకు మూలం హార్డ్‌వేర్‌లోని లోపమే అయ్యుంటుందని వాళ్లు భావించారు.

నా దృష్టిలో హామింగ్ ఆలోచనకు ఇది రెండో జన్మ. దిద్దిన తప్పుల లెక్కే లోపాన్ని పట్టించే సాధనమైంది. 2006లో లినక్స్ కెర్నెల్‌లో చేరిన ఈడాక్ అనే భాగం ఆ లెక్క చూపిస్తుంది. ఎప్పుడో ఒకటి పడితే అడ్మిన్ పట్టించుకోడు. ఒకే స్లాట్ లెక్క పెరుగుతుంటే మాత్రం ఆ నోడ్‌కు, అంటే క్లస్టర్‌లోని ఆ కంప్యూటర్‌కు, కొత్త జాబ్‌లు ఆపి, ఉన్నవి ముగిశాక స్టిక్ పీకేస్తాడు. ఆలస్యమైతే ఒకే 64 బిట్ల పదంలో రెండో బిట్ కూడా చెడవచ్చు, నోడ్ ఆగిపోవచ్చు. దానితోపాటు వందల నోడ్‌ల మీద నడుస్తున్న జాబ్ మొత్తం కూలిపోతుంది.