సగం మనిషి, సగం మృగం: మన రాళ్ళు చెప్పే చరిత్ర

నూజివీడు అనగానే ఎవరికైనా చిన్నరసాలు, పెద్దరసాలే జ్ఞాపకం వస్తాయి. కాని ఈ మామిడి తోటల నడుమ ఉన్న ఊళ్ళలో, రావి వేప కలిసి పెరిగిన చోట, నాగప్రతిష్ఠ రాళ్ళు కూడా ఉన్నాయి. కొన్నింటిమీద రెండు పాములు పెనవేసుకుని ఉంటాయి. కొన్నింటిమీద నడుము వరకు స్త్రీ, కిందంతా పాము. పిల్లలు ఇదేమిటని అడిగితే "దేవుడమ్మా, దణ్ణం పెట్టు" అని ఊరుకుంటాము. ఆ జవాబు తప్పు కాదు గాని చాలదు.

నేను పండితుణ్ణి కాను. ఉద్యోగమంతా పాత దస్త్రాలు చదవడంలో గడిచిన గుమాస్తాను. నా దృష్టిలో ఈ రాళ్ళూ దస్త్రాలే. ఏ కాలంలో మనవారు దైవాన్ని ఎట్లా ఊహించారో వాటిలో నమోదై ఉన్నది.

ముందుగా అమరావతి. సుమారు 1800 ఏళ్ళనాటి ఆ బౌద్ధ శిల్పాలలో నాగరాజు నిండు మనిషి. తల వెనుక మాత్రం పాము పడగలు. రామగ్రామ స్తూపాన్ని నాగులు కాపాడుతున్న దృశ్యం కూడా అక్కడ ఉన్నది. అంటే నాగుడు భయపెట్టేవాడే కాదు, కాపలాదారు కూడా.

తరువాతది పల్నాటి కొండమోటు. అక్కడ దొరికి హైదరాబాదు మ్యూజియం చేరిన క్రీ.శ. 4వ శతాబ్ది ప్రాంతపు ఫలకంలో సంకర్షణుడు, వాసుదేవుడు, ప్రద్యుమ్నుడు, సాంబుడు, అనిరుద్ధుడు అనే వృష్ణి వీరులతో పాటు నరసింహుడున్నాడు. ఆ నరసింహుడు మనకు తెలిసినవాడు కాదు. దేహమంతా సింహమే. మెడ దగ్గర రెండు మనిషి చేతులు మాత్రం ఉండి, గదాచక్రాలు పట్టి ఉంటాయి. హిరణ్యకశిపుడు లేడు, స్తంభం లేదు. తరువాతి శతాబ్దాలలో దేహం మనిషిదై, తల ఒక్కటే సింహానిదిగా మిగిలింది.

ఇక మన ఆగిరిపల్లి శోభనాచలం మీది స్వామి పేరు వ్యాఘ్ర నరసింహుడు. వ్యాఘ్రమంటే పులి. సింహం కంటబడని మన మన్నెపు అంచున, జనం ఎరిగిన మృగం పేరు దేవుడికి చేరిందేమోనని నా ఊహ. సింహాచలంలో వరాహ నరసింహుడు. ఏడాది పొడుగునా చందనం కింద ఉండి అక్షయ తృతీయనాడు మాత్రమే నిజరూప దర్శనమిస్తాడు.

ఈ ఊహ మనవారిది మాత్రమే కాదు. చైనావారి పురాణాలలో ఫూషీ, నూవా అనే ఆది దంపతులకు పైభాగం మనిషిది, కిందిది పాముది. వారి తోకలు పెనవేసుకుని ఉంటాయి, అచ్చం మన జంట నాగుల వలె. ఒకరి చేత కొలబద్ద, ఒకరి చేత వృత్తలేఖిని. లోకానికి కొలతలు నేర్పినవారని భావం. మధ్య ఆసియాలోని అస్తానా సమాధులలో 1915లో ఆరెల్ స్టైన్ సేకరించిన అటువంటి చిత్రం ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో ఉన్నది. పోలిక ఉన్నంత మాత్రాన ఒకరినుండి ఒకరు తెచ్చుకున్నారనడానికి లేదు.

నిజంగా సముద్రం దాటిన ఉదాహరణ వేరే ఉన్నది. చైనా రేవుపట్టణం చ్వాన్‌జౌలో తమిళ వర్తకులు 13వ శతాబ్దిలో గుడి కట్టారు. 1281 నాటి తమిళ శాసనం అక్కడ దొరికింది. గుడి శిథిలమయ్యాక దాని స్తంభాలు అక్కడి కైయువాన్ బౌద్ధాలయానికి చేరాయి. ఒక స్తంభం మీద నరసింహుడు అసురుణ్ణి చీలుస్తున్నాడు. అదే ఆలయపు వేదిక అంచున సింహపు ఒంటికి మనిషి ముఖాలు!

ఈ రూపాల అర్థం ప్రహ్లాద కథలోనే ఉన్నది. మనిషి కాదు, మృగమూ కాదు. పగలు కాదు, రాత్రీ కాదు. లోపల కాదు, బయటా కాదు. మన లెక్కలకు, వరాలకు, చట్టాలకు అందని చోట రక్షణ ఉంటుందని పెద్దలు రాతిలో చెప్పారు.

మిత్రులకు ఒక విన్నపం. జీర్ణోద్ధరణ పేరుతో పాత రాళ్ళకు ఎనామిల్ రంగులు పూయడం, సిమెంటులో పాతిపెట్టడం మాన్పించండి. రంగు కింద చెక్కడపు గీత పోతే అది ఏ కాలపుదో చెప్పడం కష్టమవుతుంది. పునాది తవ్వకంలో విగ్రహం బయటపడితే కలెక్టరుకు తెలియజేయాలన్నది 1878 నాటి నిధినిక్షేపాల చట్టం నాటినుండి ఉన్న నియమమే. చిరిగిన కాగితానికి నకలు తీయగలము. అరిగిన రాతికి నకలు లేదు.