మెకానిక్ లేని ఊళ్ల బండి

ఏళ్ల తరబడి పాకలో దుమ్ము పట్టి పడి ఉన్న పాత ఎం-72 సైడ్‌కార్ బండి, ఉరల్ పర్వతాల చలికాలంలో నాలుగు కిక్కులకే మళ్లీ స్టార్టయిందనుకోండి. ఆ ఘనతంతా జర్మన్ల ఖాతాలో వేయడం పాత బళ్ల ప్రియులకు అలవాటు. ఇంజన్ పుట్టింది బీఎండబ్ల్యూ వాళ్ల చేతుల్లో, అందుకే ఇన్నేళ్లు బతికింది అంటారు. ఆ మాటలో నిజం సగమే. బండిని గీసింది జర్మన్లే, కాదనలేం. కానీ అది పాడుబడ్డాక కూడా మళ్లీ నడిచేలా చేసింది మాత్రం దరిదాపుల్లో మెకానిక్ షెడ్డు లేని సోవియట్ పల్లె. సొంతదారే పానా పట్టుకోక తప్పని స్థితి, ఆ స్థితి చుట్టూ పెరిగిన పనితనం, దశాబ్దాల పాటు పెద్దగా మారని స్పేర్లు కలిసి ఆ బండిని కాపాడాయి. ఇవి లేకపోతే అది ఎన్నడో తుక్కు దుకాణం చేరేది.

బీఎండబ్ల్యూ ఆర్71 అమ్మకానికి వచ్చింది 1938లో. 745 సీసీ, 22 హార్స్‌పవర్, కుడి ఎడమలకు చేతులు చాచినట్టు పడుకున్న రెండు సిలిండర్లు, వాటి పక్కనే నిలబడ్డ వాల్వులు, వెనక చక్రానికి చైను బదులు షాఫ్టు. కంపెనీ దీన్ని 1941లోనే ఆపేసింది. తయారైనవి మూడున్నర వేల లోపే. అంటే, పుట్టినింటివాళ్లే మూడేళ్లలో వదిలేసిన నమూనా ఇది. సోవియట్ యూనియన్ చేతికి ఎలా వచ్చిందన్నదానిపై రెండు కథలున్నాయి. స్వీడన్ మధ్యవర్తుల ద్వారా ఐదు బళ్లను గుట్టుగా కొని, నట్టు నట్టూ విప్పి కొలతలు తీశారన్నది ఫ్యాక్టరీ పక్షం చెప్పుకునే కథ. 1939 నాటి జర్మన్-సోవియట్ ఒప్పందం తరువాత ఆ రెండు దేశాల మధ్య నడిచిన సాంకేతిక ఇచ్చిపుచ్చుకోవడాల్లో భాగంగానే వచ్చిందన్నది రెండోది. ఆ రోజుల్లో సోవియట్లు జర్మనీ నుంచి యుద్ధవిమానాలే బాహాటంగా కొంటున్నారు. అలాంటప్పుడు ఐదు మోటార్‌సైకిళ్ల కోసం అంత గూఢచర్యం ఎందుకు? రెండో కథే నమ్మదగినదిగా కనిపిస్తుంది. ఏదేమైనా ఎం-72 పేరుతో 1941లో మాస్కోలో తయారీ మొదలైంది.

ఆ ఏడాదే జర్మన్ సేనలు మాస్కో వైపు దూసుకొస్తుంటే ఫ్యాక్టరీని మూటాముల్లె కట్టి తూర్పున ఉరల్ ప్రాంతంలోని ఇర్బిత్‌కు తరలించారు. జార్ల కాలంలో ఆ ఊరు ఉన్నితోళ్ల సంతకు పేరుమోసింది. దేశంలో నిజ్నీ నొవ్‌గొరొద్ సంత తరువాత దానిదే పేరు. కాస్త పెద్ద భవనమంటూ అక్కడ దొరికింది ఒక బీరు తయారీశాల. అందులోనే లేతు మిషన్లు దించారు. ఫ్యాక్టరీ లెక్క ప్రకారం మొదటి విడత బళ్లు 1942 అక్టోబర్ 25న యుద్ధరంగానికి వెళ్లాయి. యుద్ధం ముగిసేలోగా 9,799 వెళ్లాయి. చలి తీవ్రత సున్నాకు దిగువన ఇరవై డిగ్రీలు దాటడం మామూలైన ఊళ్లో, అరకొర పనిముట్లతో చేసిన బండిది. దాన్ని బాగుచేసేవాడికి కూడా అరకొర పనిముట్లే ఉంటాయన్నది అక్కడ ఎవరూ ప్రత్యేకంగా చెప్పాల్సిన విషయం కాదు.

జర్మన్ నమూనాయే బండిని బతికించిందన్న వాదాన్ని పరీక్షించడానికి చరిత్రే ఒక అవకాశం ఇచ్చింది. ఇదే ఆర్71ను చూసి అమెరికాలో హార్లీ-డేవిడ్‌సన్ కంపెనీ తమ సైన్యం కోసం ఎక్స్‌ఏ అనే మోటార్‌సైకిల్ చేసింది. అవే పడుకున్న సిలిండర్లు, అదే షాఫ్టు. వెయ్యి దాకా తయారయ్యాక ఆపేశారు. జీపు రావడంతో సైన్యానికి ఇలాంటి బళ్ల అవసరం తీరిపోయింది. యుద్ధం తరువాత అమెరికన్ రైతు కారో ట్రక్కో కొనుక్కోగలడు, పక్క ఊళ్లోనే గ్యారేజీ ఉంటుంది. చైనాలో దీనికి పూర్తిగా విరుద్ధం. 1950ల చివర్లో సోవియట్ ఎం-72 ఆధారంగానే చాంగ్‌జియాంగ్ 750 మొదలై దశాబ్దాల పాటు తయారైంది. నమూనా ఒకటే అయినా జర్మనీలోనూ అమెరికాలోనూ అది త్వరగా కనుమరుగైంది, రష్యాలోనూ చైనాలోనూ తరాల పాటు నడిచింది. తేడా ఇంజన్ గీతలో లేదు, బండి వెళ్లి చేరిన ఊళ్లలో ఉంది. కార్లు అరుదు, రోడ్లు అంతంతమాత్రం, సర్వీసు సెంటరు చాలా దూరం అన్న చోటే అది నిలిచింది. సోవియట్ మార్కెట్టు కూలిపోయాక ఇర్బిత్ ఫ్యాక్టరీని బతికించిన కొనుగోలుదారుల్లో అమెరికన్లే ఎక్కువ కావడం మాత్రం కాలం చేసిన కొంటెపని.

ఇప్పుడు చలి సంగతి. పాడుబడ్డ ఎం-72ను శీతాకాలంలో లేపడం అంటే కిక్కు కొట్టడంతో మొదలయ్యే పని కాదు. ఇంజన్ ఆయిల్ ముదురు పాకంలా బిగుసుకుని ఉంటుంది. పైగా ఈ బండిలో కిక్కు బలం గేర్‌బాక్సు గుండా, క్లచ్ గుండా పోయి క్రాంకును తిప్పుతుంది. గేర్‌బాక్సులోని చిక్కటి నూనె కూడా కాలికి ఎదురు తిరుగుతుంది. ఏళ్ల తరబడి కదలని బండిలో క్లచ్ ప్లేట్లు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి కనుక ముందు క్లచ్ లాగి పట్టుకుని కిక్కు తొక్కి వాటిని విడదీయాలి. పిస్టన్ రింగులు పట్టేసి ఉంటే ప్లగ్గు రంధ్రం గుండా నూనె పోసి రోజుల తరబడి నానబెట్టాలి. ఇక్కడే పడుకున్న సిలిండరుతో ఒక చిక్కు: పోసిన నూనె కింది గోడనే తడుపుతుంది, పైగోడ పొడిగానే ఉండిపోతుంది. తెలిసినవాళ్లు బండిని ఒక పక్కకు వాల్చి పోస్తారు, లేదంటే సిలిండర్ మూతే విప్పుతారు. ఆ మూత విప్పడం ఈ ఇంజన్‌లో ఎంత తేలికంటే, వాల్వులు పక్కనే ఉంటాయి కాబట్టి అది నిజంగా బోల్టులతో బిగించిన అల్యూమినియం మూత మాత్రమే. తీయగానే పిస్టన్ తల, రెండు వాల్వులు, తుప్పు, మసి అన్నీ ఒక్క చూపులో కనిపిస్తాయి. వాల్వు తుప్పుపట్టి తెరిచినట్టే ఉండిపోయినా పిస్టన్ దానికి తగలదు. చాలా ఆధునిక ఇంజన్లలో ఇలాంటి లోపానికి ఖరీదు వాల్వు వంగడం, పిస్టన్ దెబ్బతినడం.

తరువాతిది పెట్రోలు. కంప్రెషన్ 5.5కు ఒకటి మాత్రమే. 66 ఆక్టేన్ పెట్రోలుతో నడిచేలా అమర్చారు. కాబట్టి నాసిరకం పెట్రోలు ఈ ఇంజన్‌కు కొత్త కాదు. చలిలో పెట్రోలు సరిగా ఆవిరి కాదు గనుక కార్బ్యురేటర్ మీది చిన్న మీటను నొక్కి ఫ్లోట్ గిన్నెను పొంగిస్తారు, అప్పుడు మిశ్రమం చిక్కనవుతుంది. కార్బ్యురేటర్లు రెండు, ఒక్కో సిలిండరుకు ఒకటి. ఒకటి శుభ్రంగా, ఇంకోటి జిగురు పట్టి ఉంటే ఒంటికాలి మీద నడిచే బండే మిగులుతుంది. అసలు బలహీనత మాత్రం కరెంటు. ఎం-72ది ఆరు వోల్టుల బ్యాటరీ ఇగ్నిషన్. చలికి బ్యాటరీ శక్తి సగానికి పడిపోతుంది; బ్యాటరీ చస్తే నిప్పురవ్వ ఉండదు. బీఎండబ్ల్యూ వాళ్లు యుద్ధం కోసమే ప్రత్యేకంగా చేసిన ఆర్75కు బ్యాటరీతో పనిలేని మాగ్నెటో పెట్టారు. ఈ విషయంలో ఎం-72 జర్మన్ సైనిక బండికన్నా వెనకబడిందని ఒప్పుకోవాలి. ఆ లోటును పూడ్చింది యంత్రం కాదు, అలవాటు: రాత్రి బ్యాటరీని విప్పి ఇంట్లో పొయ్యి దగ్గర పెట్టుకోవడం, ప్లగ్గులు విప్పి వేడిచేసి మళ్లీ బిగించడం.

ఈ ఇంజన్‌లో నూనె వ్యవహారం ఇంకా ఆసక్తికరం, ఇంకా ప్రమాదకరం కూడా. క్రాంకు పెద్ద బేరింగులు రోలర్ రకం. నూనె చిక్కబడి ఆలస్యంగా చేరినా ఇవి కొంతసేపు తట్టుకుంటాయి. నునుపు షెల్ బేరింగులకైతే వెంటనే నూనె ఒత్తిడి కావాలి. ఇదే తరహా బళ్లు చేసిన కీవ్ ఫ్యాక్టరీ తరువాతి కాలంలో తన ద్నెప్ర్ బళ్లకు షెల్ బేరింగులూ సెంట్రిఫ్యూజు తరహా నూనె ఫిల్టరూ పెట్టింది. వేసవి రోడ్డుకు అది మెరుగే. గడ్డకట్టే ఉదయాన మాత్రం పాత రోలరుకే ఓర్పు ఎక్కువ. అయితే ఎం-72లో ఫిల్టరు లేదు. క్రాంకుతో పాటు తిరిగే రెండు రేకు గిన్నెలు నూనెలోని మడ్డిని అంచుకు విసిరి అక్కడే పేరుస్తాయి. బండి నడిచినన్నాళ్లూ ఆ మడ్డి పెరుగుతూనే ఉంటుంది. అది నిండితే బేరింగుకు నూనె దారి మూసుకుపోతుంది. ఆ గిన్నెలు శుభ్రం చేయాలంటే ఇంజన్ మొత్తం విప్పి క్రాంకు బయటికి తీయక తప్పదు. బయట ఎంత తళతళలాడినా, ఎంత తొందరగా స్టార్టయినా, ఈ గిన్నెల సంగతి తెలియనివాడి చేతిలో ఆ ఇంజన్‌కు ఆయుష్షు తక్కువ. ఈ తెలివి నమూనా పటంలో నుంచి దానంతట అదే రాదు. ఇంజన్ విప్పినవాళ్ల నుంచి మరొకరికి అందాలి.

అలా అందించడానికి సోవియట్ సమాజంలో ఏర్పాట్లు ఉండేవి. 1951లో ఏర్పడిన దొసాఫ్ అనే సంఘం దేశమంతటా క్లబ్బులు పెట్టి కుర్రాళ్లకు బండి నడపడంతో పాటు ఇంజన్ విప్పడం, బిగించడం నేర్పేది. దాని ఉద్దేశం సైన్యానికి డ్రైవర్లను తయారుచేయడమే. నేర్చుకున్నవాడు మాత్రం ఊరికి తిరిగొచ్చాక బంగాళాదుంపల బస్తాలు మోసే సైడ్‌కార్‌ను బాగుచేసుకున్నాడు. 1928 నుంచి వస్తున్న జా రులెమ్ పత్రిక మరమ్మతు చిట్కాలను అచ్చువేసి ఊరూరా చేర్చింది. మన దగ్గర పంచాంగం లేని ఇల్లు అరుదన్నట్టు అక్కడ ఈ పత్రిక పాత ప్రతులు లేని పాక అరుదు అంటే అతిశయోక్తే. కానీ పెద్ద అతిశయోక్తి కాదు.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. సోవియట్ ఫ్యాక్టరీల నాణ్యత అధ్వానం. బండి మాటిమాటికీ మొరాయించేది గనుక సొంతదారు విధిలేక మెకానిక్ అయ్యాడు. లోపాన్ని సుగుణంగా చూపించడం ఏం న్యాయం? ఈ అభ్యంతరంలో పస ఉంది. వెల్డింగులు మొరటు, క్రోమియం పూత పల్చన, కొత్త బండిని కొన్నవాడు ముందు నట్లన్నీ బిగించుకోవాల్సి రావడం కొత్తేమీ కాదు. దీన్ని గొప్పతనంగా వర్ణించేవాళ్లు ఆ పల్లెజనం పడ్డ పాట్లను మరిచిపోతున్నారు. కానీ నాణ్యత వేరు, మరమ్మతుకు లొంగడం వేరు. చక్కగా తయారై, చెడితే బాగుపడని యంత్రాలు ఎన్నో ఉన్నాయి. ఎం-72 మొరటుగా తయారైంది, విప్పితే విచ్చుకుంది. మూడు చక్రాలూ, స్టెప్నీ కూడా ఒకే కొలత కావడం చూడండి: ఏది పాడైనా ఏదైనా సరిపోతుంది.

బతికినవాటినే చూసి అన్నీ బతికాయనుకుంటున్నారని మరొకరు అనవచ్చు. నిజమే, తుక్కయినవే ఎక్కువ ఉండాలి. అయితే ఆ చచ్చిన బళ్లే బతికున్నవాటికి స్పేర్లు ఇచ్చాయి. ఇర్బిత్‌లో నమూనా నెమ్మదిగా మారింది. పక్క వాల్వులు పోయి పైవాల్వులు వచ్చినా సైడ్‌కార్, షాఫ్టు వరస అలాగే ఉండిపోయింది. నమూనాను ఏటేటా మార్చే కంపెనీ బండి అయితే ఒక శవం ఇంకో శవానికి పనికొచ్చేది కాదు. మన దేశంలోనూ దీనికి ఒక బంధువు ఉంది. యుద్ధం తరువాత మిగిలిపోయిన సైనిక హార్లీలు, ఇండియన్ మోటార్‌సైకిళ్లు ఢిల్లీలో మూడు చక్రాల ఫట్‌ఫటీలుగా మారి 1990ల చివరిదాకా జనాన్ని మోశాయి. స్పేర్లు కరువై వాటికి డీజిల్ ఇంజన్లు తగిలించారు. అక్కడ పేరు మిగిలింది, ఇంజన్ పోయింది. ఇర్బిత్ బండికి ఆ గతి పట్టకపోవడానికి కారణం స్పేర్లు చేసే ఫ్యాక్టరీ ఆగకపోవడమే.

2014లో ఇర్బిత్ ఫ్యాక్టరీ ఉరల్ పేరుతో చేసే బళ్లకు ఎలక్ట్రానిక్ ఫ్యుయల్ ఇంజెక్షన్ వచ్చింది. 2022లో ఉక్రెయిన్ యుద్ధపు ఆంక్షల తరువాత అసెంబ్లీ కజకిస్తాన్‌లోని పెత్రోపావ్ల్‌కు మారింది. కొత్త బండి చలిలో మీట నొక్కితే స్టార్టవుతుంది, దాని లోపాన్ని పట్టాలంటే కంప్యూటరు కావాలి. పాతదానికి ఇప్పటికీ పానాలూ ఓపికే చాలు. అలాంటి ఎం-72 ఎవరి చేతికైనా వస్తే, స్టార్టయిన ఆనందంలో ఆ రోజే రోడ్డెక్కించకండి. రంగూ క్రోమియమూ తరువాత చూసుకోవచ్చు. ముందు క్రాంకు బయటికి తీసి, ఆ రెండు గిన్నెల్లో మడ్డి ఎంత పేరుకుందో చూడండి.