ముందు చక్రం మోసే ఆయిల్

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మెకానిక్ షెడ్లలో ‘ఏపీ 36’ నంబరు ప్లేటున్న పాత బండి అడపాదడపా ఇప్పటికీ కనిపిస్తుంది. మూడూ వరంగల్ జిల్లాలో ఉన్న రోజుల గుర్తది. 2016 అక్టోబరు 11న మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. భూపాలపల్లికి 25, మహబూబాబాద్‌కు 26, జనగామకు 27 నంబర్లు వచ్చాయి. ప్లేట్లు మారాయి గానీ షెడ్డుకొచ్చే పాత ఫిర్యాదు మారలేదు: ముందు షాకప్ కారుతోంది!

జనం షాకప్ అనేది నిజానికి ఫోర్కు. ఒక పైపులోకి దిగే ఇంకో పైపు, లోపల పొడవాటి స్ప్రింగు, కాస్త ఆయిల్. చక్రం గుంతలో పడితే స్ప్రింగు దెబ్బను మింగుతుంది. మింగింది మింగినట్టే వెనక్కి తన్నకుండా ఆపేది మాత్రం సన్నని రంధ్రాల గుండా ఇరుక్కుంటూ పోయే ఆయిలే. ఆయిల్ పోయిన బండికి బ్రేకు వేస్తే ముక్కు నేలకేసి పొడిచినట్టు వంగడం అందుకే.

ఈ ఆయిల్ ఫోర్కును 1935లో ఆర్12 మోడలుతో పెద్ద ఎత్తున రోడ్డెక్కించింది జర్మనీ బీఎండబ్ల్యూ. 1941లో బ్రిటిష్ సైన్యపు మ్యాచ్‌లెస్ బళ్లకూ అలాంటిదే అమరింది. ఆ రోజుల్లో జనగామ తాలూకా రైతు ఎక్కిన ఎడ్లబండికి స్ప్రింగన్నదే లేదు. కర్రచక్రం, దాని మీద ఇనుప పట్టా, దెబ్బంతా నడుముకే.

1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలయ్యాక బుల్లెట్టు మన దేశపు బండి అయింది. దాని ఫోర్కు అడుగున చిన్న మర ఉండేది. అది విప్పితే పాత ఆయిల్ కారిపోతుంది, పై మూత తీసి కొలిచిన కొత్త ఆయిల్ పోస్తే సరి. యజమాని ఇంటి ముందే చేసుకోగల పని. 1960లో పుట్టిన మైసూరు ఐడియల్ జావా బళ్లకూ, వాటి వారసుడు యెజ్డీకీ ఈ తరహా ఫోర్కే. పాలక్యాన్లు మోసిన తొలి రాజ్‌దూత్ 175 దారి వేరు: ముందు చక్రానికి ఊగే చేతులు, వాటికి పొట్టి షాకప్‌లు. బజాజ్ చేతక్‌దైతే ఒంటి కాలు.

అసలు మలుపు 1985. హీరో హోండా సీడీ 100 వచ్చింది. పెట్రోలు పోయించు, మూత బిగించు, మరిచిపో అన్న దాని ప్రకటనను దేశం నమ్మింది. మైలేజీ విషయంలో అది నిజమే కావచ్చు. కానీ మన జనం ఫోర్కును కూడా ఆ ‘మరిచిపో’లో కలిపేశారు. తర్వాతి చాలా 100 సీసీ బళ్లకు అడుగున ఆయిల్ తీసే మర లేదు. ఆయిల్ మార్చాలంటే చక్రం తీయాలి, ఫోర్కు కాళ్లు ఊడదీసి తలకిందులు చేయాలి. అంత శ్రమ ఎవరికి? ఆయిల్‌ను లోపల ఆపే రబ్బరు సీలు చిరిగి అది బయటికొచ్చేదాకా ఎవరూ పట్టించుకోరు. భూపాలపల్లి లాంటి చోట, సింగరేణి బొగ్గు లారీల వెంట లేచే ధూళి పైపుకు అంటుకుని సీలు అంచును గీరుతుంది. చిరగడానికి ఎక్కువ కాలం పట్టదు.

విప్పేటప్పుడు మొండికేసేది అడుగున ఉండే అలెన్ బోల్టు. తిప్పుతుంటే లోపలి రాడ్డు కూడా దాంతోపాటే గిర్రున తిరుగుతుంది. దాన్ని పట్టి ఉంచడానికి కంపెనీ పొడవాటి టీ హ్యాండిల్ ఇస్తుంది. అది లేనివాళ్లు వేరే పొడవాటి రాడ్డు చివర నట్టు వెల్డింగ్ చేసుకుంటారు, లేదా కర్ర మొన చెక్కి లోపలికి దిగ్గొడతారు. సీలు కూర్చోబెట్టడానికి సరిపడ్డ పీవీసీ పైపు ముక్క చాలు. ఈ ఉపాయాలను నాటు అని తీసిపారేయడం తప్పు. స్క్రూడ్రైవరు పెట్టి సుత్తితో సీలును కొట్టడమే నాటు.

ఇంట్లో చేసుకునేవాళ్లు పై మూతను, ఫోర్కు కాళ్లు వాటిని పట్టి ఉంచే టీలో బిగించి ఉండగానే, కాస్త వదులు చేసుకోవాలి. బయటికి తీశాక పైపు చేతిలో తిరిగిపోతుంది. మూత కింద స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది కాబట్టి దాన్ని పూర్తిగా విప్పేటప్పుడు మొహం దాని మీద పెట్టకూడదు. కొత్త సీలు ఎక్కించే ముందు పైపు అంచుకు పాలిథిన్ సంచి తొడిగి ఆయిల్ రాస్తే సీలు తెగదు. రెండు కాళ్లలోకీ మాన్యువల్ చెప్పిన కొలతే, సిరంజితోనో కొలపాత్రతోనో, సమానంగా పోయాలి. అందాజా పనికిరాదు. పైపు మీద తుప్పు గుంటలు పడితే ఎన్ని సీళ్లు మార్చినా వృథా. వంగిన పైపును లేతు షాపులో సాపు చేయించడం డబ్బు మిగిల్చినట్టే ఉంటుంది గానీ, ఆ పైపును మళ్లీ నమ్మలేం.

2012లో 200 డ్యూక్‌తో కేటీఎం మన రోడ్ల మీదికి తెచ్చిన, లోపలి పైపు కిందికి వచ్చే తలకిందుల ఫోర్కు లెక్క వేరు. దానికి స్ప్రింగును నొక్కిపట్టే పరికరం కావాలి. అది లేనివాళ్లు షెడ్డుకే పోవడం మేలు.

మామూలు బండైతే ఈ రాత్రే చూడండి. ఇంటి ముందున్న బండి ఫోర్కు పైపు మీద వేలు రాయండి. నల్లటి జిడ్డు అంటితే సీలు పని అయిపోయినట్టే. డిస్క్ బ్రేకున్న బండైతే ఆ ఆయిల్ చుక్క ప్యాడ్ల మీద పడకముందే విప్పండి.