కంప్యూటరుకు ఎండ పరీక్ష

కుండను కొనేవారు వ్రేలితో మ్రోగించి చూడకుండా డబ్బు ఇవ్వరు. పగులున్న కుండ నాదమే వేరు. కొత్తగా కూర్చిన కంప్యూటరుకు ఈ పద్ధతి చాలదు. దీపాలు వెలుగుతవి, తెరమీద అక్షరాలు వస్తవి, లోపలి లోపం మాత్రం బయటపడదు. ఆగిపోయిన యంత్రం కొంత మేలు. ఆగినట్లు మనకు తెలుస్తుంది. ఆగకుండా తప్పు జవాబు చెప్పే యంత్రంతోనే ప్రమాదం.

ఈ చింత కంప్యూటరుతోపాటే పుట్టినది. 1946లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో లోకానికి చూపిన ఎనియాక్ యంత్రంలో సుమారు 18,000 వాల్వులుండేవి. అది 150 కిలోవాట్ల విద్యుత్తును మ్రింగి, ఇంచుమించు అంతా వేడిగా విడిచేది. దాని ఇంజనీరు ఎకర్ట్ వాల్వులను వాటి శక్తికంటె చాలా తక్కువగా పనిచేయించి కాపాడినాడు. ఆర్పి వెలిగించునపుడే వాల్వులు ఎక్కువగా చెడుచున్నవని గ్రహించి, యంత్రాన్ని రాత్రింబవళ్లు ఆర్పకుండా ఉంచినారు.

మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయంలో వర్ల్‌విండ్ యంత్రాన్ని నిర్మించిన జే ఫారెస్టరు బృందానిది వేరు దారి. 1951 నాటికి పనిలోకి వచ్చిన ఈ యంత్రం రాడారు వార్తలనుబట్టి విమానాల జాడ కనిపెట్టవలసినది. కనుక వారు యంత్రాన్ని కాపాడుటకు బదులు బాధించినారు! వోల్టేజిని కావాలని పెంచి, తగ్గించి, జవాబు ముందే తెలిసిన లెక్కలు చేయించేవారు. రేపో మాపో చెడనున్న వాల్వు ఆ బాధకు తాళలేక ఆ క్షణమే తప్పు చేసేది; వెంటనే దానిని మార్చేవారు. నేటి పరీక్షలన్నింటికి తల్లి ఈ పద్ధతియే అని నా అభిప్రాయం.

మన దేశంలో బొంబాయి టాటా పరిశోధన సంస్థవారు నిర్మించగా 1960లో పనికి వచ్చిన టిఫ్రాక్‌లో సుమారు 2,700 వాల్వులుండేవి. 1967లో అయ్యగారి సాంబశివరావుగారి పూనికతో హైదరాబాదులో వెలసిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ కంప్యూటర్ల తయారీకి దిగేనాటికి ట్రాన్సిస్టర్ల యుగం వచ్చినది. వాల్వులు పోయినవిగాని వేడి బాధ పోలేదు.

సిలికాన్ వేడెక్కినకొద్దీ ట్రాన్సిస్టర్లు మందగిస్తవి, వృథాగా కారిపోయే విద్యుత్తు పెరుగుతుంది. ఒక సంకేతం రవంత ఆలస్యమైనచో 1 రావలసిన చోట 0 నమోదు కావచ్చును. అందుకే కొత్త యంత్రంచేత గంటల తరబడి విరామం లేకుండా లెక్కలు చేయిస్తారు. 1996లో జార్జి వోల్ట్‌మన్ పెద్ద ప్రధాన సంఖ్యలను వెదకుటకు ప్రారంభించిన ఉద్యమంలోని ప్రైమ్95 అనే ప్రోగ్రాము ఇందుకు ప్రసిద్ధం. 2016లో ఇంటెల్ వారి స్కైలేక్ ప్రాసెసర్లలోని ఒక లోపం ఈ లెక్కల వల్లనే బయటపడినది.

మన ప్రాంతంవారు గమనించవలసినది ఒకటున్నది. ఫ్యాను ఎంత పెద్దదైనా చిప్పును గది గాలికంటె చల్లగా చేయలేదు. 22 డిగ్రీల గదిలో ఒక చిప్పు 75 డిగ్రీలకు చేరినదనుకొందాం. గదికంటె 53 డిగ్రీలు ఎక్కువ. అదే పని మే నెల మధ్యాహ్నం, రేణిగుంటలో 40 డిగ్రీల గదిలో చేయిస్తే చిప్పు ఇంచుమించు 93కు చేరుతుంది. అనేక ప్రాసెసర్లు 100 డిగ్రీల దరిదాపులలో తమంతట తామే వేగం తగ్గించుకొంటవి. పుష్యమాసంలో, మదనపల్లె చలిలో నెగ్గిన యంత్రం తిరుపతి వేసవికి నిలుస్తుందని చెప్పలేము.

అంతరిక్షానికి పోయే యంత్రాలకు పరీక్ష మరీ కఠినం. తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయి కేంద్రంవారు రూపొందించగా, మొహాలిలో తయారైన విక్రమ్ 3201 అనే ప్రాసెసరు సున్నకు దిగువ 55 డిగ్రీల నుండి 125 డిగ్రీల వేడివరకు పనిచేయవలసినది. 2024 డిసెంబరు 30న, 2022లో తిరుపతి జిల్లాలో చేరిన శ్రీహరికోట నుండి పి.ఎస్.ఎల్.వి.-సి60 రాకెట్టు ఎగిరినది. దాని చివరి దశయే కక్ష్యలో పోయమ్-4 అనే ప్రయోగవేదికగా మారినది. గంటన్నరకొకసారి ఎండనుండి చీకటిలోనికి, చీకటినుండి ఎండలోనికి తిరుగుతున్న ఆ వేదికమీది కంప్యూటరులో ఈ ప్రాసెసరు సక్రమంగా పనిచేసినది.