ఉగ్గుగిన్నె, దూధ్ శీషీ, సిప్పర్ కప్పు: ఒక చిన్న తారీఖ్



పోయిన నెల హనుమకొండలో మా చెల్లెలి ఇంటికి వెళ్లాను. ఇల్లు సుబేదారిలో. నిజాం జమానాలో వరంగల్ ఒక సుబా, సుబేదార్ సాబ్ ఉండే చోటు కాబట్టి ఆ మొహల్లాకు ఆ పేరు. మా భాంజీ తన బిడ్డతో మాయ్‌కేకు వచ్చి ఉంది. బిడ్డకు ఇరవై నెలలు. మాషా అల్లాహ్, ఇల్లంతా పరుగులే. కానీ నవ్వినప్పుడు చూశాను, ముందటి పళ్ల మీద గోధుమరంగు మచ్చలు. రాత్రి నోట్లో పాలసీసా పెట్టి పడుకోబెట్టడం మానెయ్యమని పళ్ల డాక్టర్ చెప్పారట.

"మామూ, శీషీ లేకుంటే రాత్రంతా ఏడుస్తది. మానిపిస్తే ఇంట్ల అందరూ నన్ను జాలిమ్ అంటరు. మానిపియ్యకుంటే డాక్టర్ సాబ్ కోపం జేస్తడు. నేనేం చెయ్యాలె?" అంది భాంజీ, కళ్లలో నీళ్లు పెట్టుకుని.

మా చెల్లెలు వెంటనే, "చిన్న పోరి, ఏడిపియ్యకు. అదే మానుతది" అంది.

మా అమ్మీ ఏమీ మాట్లాడలేదు. లోపలికి వెళ్లి సందూఖ్ తెరిచి, పాత దస్తీలో చుట్టిన ఒక వస్తువు తెచ్చి నా చేతిలో పెట్టింది. అరచేతిలో ఇమిడే కంచు గిన్నె. ఒక పక్క పిట్ట ముక్కులాంటి సన్నని మూతి. ఉగ్గుగిన్నె. "మీరందరూ దీన్లనే తాగిన్రు. మా ఇంట్ల శీషీ ఎవలు జూసిన్రు?" అంది.

ఆ గిన్నె చూసినప్పటి నుంచి ఒక ఖయాల్ నన్ను వదల్లేదు. సీసా అంటే పాత అలవాటు, కప్పు అంటే ఇప్పుడు వచ్చిన ఫ్యాషన్ అని మనం అనుకుంటాం. తారీఖ్ చూస్తే మామలా ఉల్టా ఉంది.

ముందు వచ్చింది గిన్నే

తెలుగు నాలుకకు ఈ గిన్నె ఎంత దగ్గరిదో ఒక్క మాట చాలు. చిన్నప్పటి నుంచి ఒంటబట్టిన విద్యను 'ఉగ్గుపాలతో పెట్టిన విద్య' అంటారు. 'సీసాపాలతో పెట్టిన విద్య' అని ఎవరూ అనరు. తమిళ ఇళ్లలో ఇలాంటి గిన్నెనే 'పాలాడై' అంటారు. నెలలు నిండక పుట్టి, రొమ్ము పట్టలేని పిల్లలకు తల్లిపాలు తాగించడానికి మన దేశంలోని ఆస్పత్రుల్లో నర్సులు ఇప్పటికీ దాన్ని వాడుతున్నారు.

ఈ గిన్నె మన దగ్గరే పుట్టిందని కూడా అనలేం. జర్మనీలోని బవేరియాలో, చిన్నపిల్లల పురాతన సమాధుల్లో ముక్కున్న చిన్న మట్టిపాత్రలు దొరికాయి. దాదాపు మూడు వేల ఏళ్ల కిందటివి. బ్రిటన్‌లోని బ్రిస్టల్ యూనివర్సిటీ పరిశోధకులు వాటిని పరీక్షించి, లోపల పశువుల పాల ఆనవాళ్లు ఉన్నాయని 2019లో తేల్చారు. ఆ తల్లులు ఎవరో, వాళ్ల జబాన్ ఏదో మనకు తెలియదు. వాళ్ల చేతిలోని గిన్నె మాత్రం మా అమ్మీ సందూఖ్‌లోని గిన్నెకు అక్కాచెల్లెళ్ల వరసే.

అయితే ఉగ్గుగిన్నెలో అంతా ఖైర్ మాత్రమే ఉండేదని అనను. బిడ్డను కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఏడుస్తున్నా బలవంతంగా గొంతులో పోసేవారు. పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోయే ఖతరా ఉంటుంది. ఆముదం పోసే రివాజ్ కూడా ఉండేది. డాక్టర్లు వద్దనేది వీటినే. గిన్నె తప్పేమీ లేదు, పోసే తరీఖాలోనే తప్పు.

శీషీ వచ్చిన దారి

ఇప్పుడు మనం చూసే పాలసీసాకు రెండు వందల ఏళ్లు కూడా లేవు. న్యూయార్క్‌లో ఎలైజా ప్రాట్ అనే ఆయన రబ్బరు చుస్నీకి పేటెంట్ తీసుకున్నది 1845లో. స్విట్జర్లాండ్‌లో హెన్రీ నెస్లే పాలపిండి తయారుచేసింది 1867లో. చుస్నీ, పిండి రెండూ కలిశాక సీసా ప్రపంచమంతా తిరిగింది.

ఆ జమానాలో ఇంగ్లండ్‌లో ఒక రకం సీసా చాలా నడిచింది. గాజు బుడ్డి, దానికి పొడవాటి రబ్బరు గొట్టం, కొసన చుస్నీ. పక్కన పెట్టేస్తే బిడ్డే తాగుతుంది, తల్లి పని చూసుకోవచ్చు. కానీ ఆ గొట్టం లోపల కడగడం ఎవరి తరమూ కాలేదు. పాలు పులిసి, క్రిములు చేరి, ఎందరో పసిపిల్లల ప్రాణాలు పోయాయి. జనం దానికి 'హంతక సీసా' అని పేరు పెట్టారు. 1894లో అలెన్ అండ్ హాన్‌బరీస్ కంపెనీ రెండు వైపులా తెరుచుకునే, పడవలాంటి సీసా తెచ్చాక కడగడం ఆసాన్ అయింది. గొట్టం సీసాను ఫ్రాన్స్ 1910లో చట్టం చేసి ఆపేసింది.

తర్వాత ఈ కథ మన ఆసియాకు వచ్చింది. సిసిలీ విలియమ్స్ అనే డాక్టరమ్మ సింగపూర్‌లో పనిచేస్తూ, తల్లిపాలు మాన్పించి తియ్యటి డబ్బాపాలు పట్టడం వల్ల పిల్లలు చనిపోవడం కళ్లారా చూసింది. 1939లో అక్కడి రోటరీ క్లబ్‌లో ఆమె చేసిన ప్రసంగానికి పెట్టుకున్న పేరు 'పాలు, హత్య'. మామూలు హిమ్మత్ కాదు.

ఆ మాట ప్రభుత్వాల చెవికి ఎక్కడానికి నలభై ఏళ్లు పైనే పట్టింది. 1981 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సభలో డబ్బాపాల వ్యాపారానికి హద్దులు పెట్టే నియమావళిని 118 దేశాలు ఒప్పుకున్నాయి. కాదన్నది అమెరికా ఒక్కటే. మన దేశం 1992లో ఏకంగా ఖానూన్ చేసింది. అందులో డబ్బాపాలతో పాటు పాలసీసా పేరు కూడా ఉంది. సీసాకు ప్రకటన ఇవ్వడం నేరం. పాలపిండి డబ్బా మీద పసిబిడ్డ బొమ్మ గానీ తల్లి బొమ్మ గానీ వెయ్యకూడదు. బొద్దుగా ఉన్న బిడ్డను మనం 'అమూల్ బేబీ' అని ముద్దుచేస్తాం కదా, ఇప్పుడు దుకాణంలో ఆ డబ్బాలు తిప్పి చూడండి, ఎక్కడా బిడ్డ ముఖం కనబడదు. వజహ్ ఈ ఖానూనే.

ఇది చెప్పేది సీసా పట్టిన తల్లులను తప్పుపట్టడానికి కాదు. పాలు పడని తల్లి ఉంటుంది, నౌకరీకి వెళ్లే తల్లి ఉంటుంది. సీసా ఎంతో మంది బిడ్డల కడుపు నింపింది. కానీ అది దాటాల్సిన వంతెన, అక్కడే కాపురం పెట్టకూడదు. రాత్రంతా పాలు నోట్లో నిలిచి పళ్లు పుచ్చడం గురించి ఎలియాస్ ఫాస్ అనే అమెరికా పళ్ల డాక్టర్ 1962లోనే రాశాడు. ఏడాది దాటాక సీసా మీద సీసా పాలు తాగే బిడ్డ అన్నం ముట్టదు, ఒంట్లో ఇనుము తగ్గి రక్తం పలచబడుతుంది. అందుకే ఆరో నెల నుంచే కప్పు అలవాటు చేసి, పన్నెండు నుంచి పద్దెనిమిది నెలల మధ్య సీసా పూర్తిగా మాన్పమని పిల్లల డాక్టర్లు చెబుతారు.

మరి సిప్పర్ సంగతి? అది ఇంకా నిన్నటిది. 1980ల్లో కాలిఫోర్నియాలో రిచర్డ్ బెలాంజర్ అనే మెకానికల్ ఇంజినీర్, తన కొడుకు ఇల్లంతా ఒలకబోస్తుంటే తట్టుకోలేక, బోర్లించినా కారని కప్పు చేశాడు. తర్వాత ప్లేటెక్స్ కంపెనీ దాన్ని అమ్మింది. అంటే అది కార్పెట్‌ను కాపాడడానికి పుట్టిన కప్పు. లోపలి వాల్వు వల్ల బిడ్డ సీసాలాగే పీల్చాలి. కాబట్టి సీసా తీసి సిప్పర్ పెట్టి, దాన్ని రోజంతా చేతికిచ్చి తిప్పితే పళ్లకు ఫరఖ్ ఏమీ ఉండదు. వాల్వు తీసేసిన సిప్పర్, లేదా చిన్న స్టీలు గ్లాసు, మన ఉగ్గుగిన్నెకు అసలు వారసులు.

ఇద్దరి మష్వరా

ఇక దూధ్ ఛుడాయీ ఎప్పుడు, ఎవరి ఫైసలాతో? సూరె బఖరా 233వ ఆయత్ తల్లిపాల ముద్దత్‌ను నిండా రెండేళ్లు అని చెప్పి, అంతకు ముందే మాన్పాలనుకుంటే తల్లీ తండ్రీ ఇద్దరూ రాజీపడి, మష్వరా చేసుకుని మాన్పవచ్చని చెబుతుంది. సీసా గురించి ఆయత్‌లో లేదు, నిజమే. కానీ బిడ్డ నోటి దగ్గరి ఫైసలాలో తండ్రికి కూడా హిస్సా ఉందన్న మాట మాత్రం సాఫ్‌గా ఉంది.

ఇబ్నె సాద్ తబఖాత్‌లో ఒక రివాయత్ ఉంది. హజ్రత్ ఉమర్ (రజి.) ఖిలాఫత్‌లో పాలు మానిన పిల్లలకే బైతుల్‌మాల్ నుంచి వజీఫా దక్కేది. ఒక రాత్రి మదీనాలో కాపలా తిరుగుతుంటే ఒక బిడ్డ ఆగకుండా ఏడుస్తోంది. మూడుసార్లు వెళ్లి తల్లిని అడిగారు. ఎదుట ఉన్నది ఖలీఫా అని ఆమెకు తెలియదు. పాలు మానితేనే ఉమర్ వజీఫా ఇస్తాడు, అందుకే తొందరగా మాన్పిస్తున్నాను అంది. ఆ ఫజర్ నమాజులో ఆయన ఏడుపుకు కిరాఅత్ కూడా సరిగ్గా వినబడలేదట. తర్వాత, పిల్లలకు తొందరపడి పాలు మాన్పకండి, పుట్టిన ప్రతి బిడ్డకూ వజీఫా ఉంటుందని ఏలాన్ చేయించారు.

ఈ రివాయత్‌లో నాకు కనబడేది ఒక్కటే. బిడ్డ ఏడుస్తుంటే ఆయన తల్లిని దోషిని చెయ్యలేదు. ఆమెను ఆ పరిస్థితిలోకి నెట్టింది ఏమిటో చూసి దాన్ని మార్చారు.

మా భాంజీతో కూడా అదే అన్నాను. "బేటీ, ఇది నీ ఒక్కదాని జిమ్మేదారీ కాదు." ఆమె షౌహర్‌కు ఫోన్ చేశాం. జల్దీ వద్దు, రోజుకొక సీసా తగ్గిద్దాం అని అందరం కూర్చుని తయ్ చేసుకున్నాం. ముందు పగటివి, చివరికి రాత్రిది. రాత్రి సీసాలో పాలు తగ్గించి నీళ్లు పెంచి, ఆఖరికి ఖాళీ నీళ్లే. పాలు రోజంతటికీ అర లీటరుకు మించకుండా, కూర్చోబెట్టి, బిస్మిల్లా చెప్పి, గ్లాసుతో. సెలవు రోజుల్లో రాత్రి లేచి బిడ్డను ఎత్తుకునేది బాప్.

నిన్న భాంజీ వీడియో పంపింది. బిడ్డ రెండు చేతులతో స్టీలు గ్లాసు పట్టుకుంది. సగం పాలు కుర్తా మీద, పావు వంతు చాప మీద. రాత్రి సీసా ఒకటి ఇంకా మిగిలే ఉందట. ఇన్షా అల్లాహ్, అదీ పోతుంది. వెనక నుంచి మా అమ్మీ గొంతు వినబడుతోంది: "ఒలకనియ్ బేటీ, చాప కడుక్కోవచ్చు."

అల్లాహ్ తఆలా మన పిల్లలకు సెహత్, మన ఇళ్లలోని తల్లులకు సబ్ర్, తండ్రులకు ఆ సబ్ర్‌లో వాటా ఇవ్వాలని దువా. ఆమీన్.